పదహారు వందల మీటర్లు

కాశీబుగ్గ దాటాక జీడితోటల నడుమ మట్టిరోడ్డు.
దాని మీద సున్నంతో ఒక గీత.
ఇంకా తెల్లారని చీకట్లో పద్దెనిమిది మందిమి,
అందరికీ కలిపి మూడు జతల బూట్లు.

తవిటయ్య ముందుండేవాడు.
రెండేళ్లు నేను చూసిందల్లా వాడి మడమల్నే,
ఎడమదాని మీద జీడిసొన కాల్చిన మచ్చతో సహా.
గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని
వెనక్కి తిరిగి అరిచేవాడు:
"బేగి రారా, సూర్యుడొచ్చేస్తన్నాడు!"

వాడి ముందు ఇద్దరు పుట్టి పోతే
వీణ్ణి చేటలో పడుకోబెట్టి
మానెడు తవుడుకి పొరుగావిడకి అమ్మేశారట.
ఆవిడ సాయంత్రానికి తిరిగిచ్చేసింది,
పేరు మాత్రం ఉండిపోయింది.
"నా రేటు ఆనాడే తేలిపోనాది" అని నవ్వేవాడు.

ఇంటరు ఫలితాలొచ్చిన నెలలోనే
వాళ్ల నాన్న కిడ్నీలు పోయాయి.
వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోడానికి
సోంపేట బస్సు.
తవిటయ్య ర్యాలీకి వెళ్లాడు, నెగ్గాడు,
గుండు చేయించుకుని రైలెక్కాడు.

నేను బీయస్సీలో చేరాను.
మా అమ్మ జీడి బట్టీలో పప్పు ఒలిచేది గనక,
నాకు తమ్ముళ్లు లేరు గనక,
మా నాన్న కిడ్నీలు అప్పటికి పనిచేస్తున్నాయి గనక.
ప్రతిభ అని దానికి పేరు పెట్టినవాళ్లు తర్వాత చాలామంది.

ఒక రాత్రి లడాఖ్ నుంచి ఫోను. గాలి మోత, మధ్యలో వాడు.
"ఒరే, డిగ్రీ ఒగ్గీకు. సీడీఎస్ అని ఉందట.
మా సాబు నీకన్నా రెండేళ్లే పెద్ద. మంచోడే.
ఆయనొస్తే మా నాయన ఈడోళ్లు కూడా నిలబడిపోతారు.
నీకేటి తక్కువ?"
పండక్కి జీతంలోంచి బూట్లు పంపాడు.
సైజు తెలుసు వాడికి. అడగలేదు.

భోపాల్లో మొదటిసారి మధ్యాహ్నానికే వెనక్కి పంపేశారు.
రెండోసారి చెస్ట్ నంబరు పదిహేడు.
తెర మీద మాట పడుతుంది,
పదిహేను సెకన్లలో ఒక వాక్యం రాయాలి.
నది. ఓటమి. చీకటి. రాసుకుంటూ పోయాను.
స్నేహితుడు అన్న మాట దగ్గర
కలం ఆగింది, మాట మారిపోయింది,
ఆ గడి ఖాళీ.
అయినా తీసుకున్నారు.

చెన్నై ఎండలో అమ్మ నా భుజానికి చుక్కలు తగిలించింది.
ఎన్ని సబ్బులు అరిగినా వదలని నలుపు ఆ వేళ్లది.
ఇత్తడి మీద బొటనవేలి ముద్ర పడింది.
రెండు రోజులు పాలిష్ పెట్టలేదు.
మూడోరోజు సుబేదారు చూసి, మర్యాదగానే చెప్పాడు.
తుడిచేశాను.

సెలవులో పలాస స్టేషన్ రెండో ప్లాట్‌ఫాం.
ఇద్దరం లుంగీల్లోనే ఉన్నాం, చేతుల్లో టీ గ్లాసులు.
ముందు తవిటయ్య చూశాడు నన్ను.
కుడిచెయ్యి దానంతటదే లేచి
చెవిదాకా వచ్చి,
అక్కడ దురద పుట్టినట్టు గోక్కుంది.
"ఏట్రా, సన్నబడిపోనావు" అన్నాడు,
ఆ 'రా' కి ముందు చిన్న సందు వదిలి.

మర్నాడు మళ్లీ ఆ రోడ్డు.
గీత ఎప్పుడో చెరిగిపోయింది, చోటు కాళ్లకి గుర్తుంది.
పద్నాలుగు వందల మీటర్లదాకా
ఆ మచ్చ నా ముందే, అదే లయలో.
తర్వాత వాడు తగ్గించాడు.
అలసటేమో అనుకుందామంటే
ఊపిరి నాకు వినబడుతూనే ఉంది,
తీరిగ్గా, లెక్కగా.

పుట్టాక మొదటిసారి ఆ గీత నేను ముందు దాటాను.
నా ముందు ఎవరి మడమలూ లేవు. ఉత్త రోడ్డు.
మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని
వెనక్కి తిరిగి, వాడి మాటే వాడికి అప్పజెప్పబోయాను:
బేగి రారా...

ఆజ్ఞలా వినబడుతుందేమోనని
నోట్లోనే ఉంచేసుకున్నాను.