ఎనిమిది దీనార్ల చావు

జహ్రా దాటినాక, దిబ్బ కింద,
ఇసుకలో ఒక వీధి కట్టినాం ప్లైవుడ్డుతో.
గోడలకు గుండ్ల బొక్కలు డ్రిల్లుతో పెట్టింది నేనే.
బొక్క చుట్టూ మసి పూసింది ఓబులేసు.
"ఇంకా కొంచెం నిజంగా" అంటాడు డైరెక్టరు.
ఇంకో వేలెడు మసి.

గురువారం రాత్రి క్యాంపుకొచ్చి సూపర్వైజరు అడిగినాడు:
"రేపు ఎవరన్నా చస్తారా? ఎనిమిది దీనార్లు, బిర్యానీ."
నలభై చేతులు లేచినాయి.
పొడుగ్గా ఉన్నోళ్ళకు గెలిచే సైన్యం బట్టలు.
మమ్మల్ని మాత్రం బోర్లా పడుకోమన్నారు,
చచ్చినోడికి వీపు చాలంట.

పెంచలయ్య మామ టీ ఫ్లాస్కు మోస్తా ఉన్నాడు.
అరవైకి రెండు తక్కువ, వీసాకు అదే భయం.
తొంభై ఆగస్టులో ఈ ఊళ్ళోనే,
ఒక బేకరీలో పనోడు.
బాంబుల మోత రికార్డు పెట్టి చూస్తా ఉంటే
మెల్లగా అన్నాడు: "ఆ పొద్దు ఇంత సద్దు లేదబ్బా.
తెల్లారుజామున పిండి పిసుకుతా ఉన్నా.
తట్టలో పిండి వణికింది.
ట్యాంకులొచ్చేది ముందు పిండికి తెలిసింది,
తర్వాత నాకు."

జనం ఉరికినారా మామా?
"యాడికి ఉరుకుతారు? కుబ్బూసుకు లైను కట్టినారు.
ఆ లైన్లోనే వాళ్ళ సిపాయి ఒకడు, మీసం రాని పిల్లోడు.
నోటిచ్చి చిల్లర తీసుకోకుండానే పోయినాడు.
ఆ చిల్లర ఎన్నాళ్ళో డబ్బాలో పెట్టినా."

ఎవరో అరబ్బీలో చెప్పినారు డైరెక్టరుకు.
ఆయనకు బేకరీ నచ్చింది.
లైను నచ్చలా. లైను యుద్ధం మాదిరి కనపడదంట.
"బేకరీవాణ్ణి కాలుద్దాం. ఈయనే సరిపోతాడు."
"మా సేటు చావలేదు సార్, సాల్మియాలో ఉన్నాడు,
మోకాళ్ళ నొప్పులు" అన్నాడు మామ.
అందరూ నవ్వినారు.

తెల్ల గౌను తొడిగినారు. తట్టలో పిండి లేదు,
మేం గోడలకు పూసిన జిప్సం పొడే.
మూడుసార్లు చచ్చినాడు.
మూడోసారి పడినోడు కట్ చెప్పినా లేవలా.
గుండె జారి ఉరికిపోయినా.
ముక్కు పొడిలో పెట్టి పడున్నాడు.
"వాసన లేదురా దీనికి" అన్నాడు.

ఫిబ్రవరిలో మెస్సు టీవీలో వచ్చింది.
రంగు తీసేసినారు. బొమ్మ మీద గీతలు, చుక్కలు,
అప్పుడెప్పుడో ఎవరో ప్రాణానికి తెగించి తీసినట్టు.
నా డ్రిల్లు బొక్కలు నాకే భయం పుట్టించినాయి.
బంగ్లా పిల్లోడొకడు కండ్లు తుడుచుకున్నాడు.
నా వీపు యాడుందో ఎంత వెతికినా దొరకలేదు.

మామ ఆ రాత్రి ఏం మాట్లాడలా.
ఆ తర్వాత కొత్త పిల్లోళ్ళు వచ్చి
ఆనాటి సంగతి చెప్పమంటే చెప్పడం మొదలుపెట్టినాడు:
"వీధంతా మంటలబ్బా. బేకరీ వాకిట్లోనే
సేటును కాల్చినారు. నేను చూస్తానే ఉన్నా."
ఒకసారి, రెండుసార్లు, నోరు మూసుకున్నా.

మొన్న రోజా నెలలో, పొయ్యి కాడ
నేను చపాతీ పిండి కలుపుతా ఉంటే
బయట రోడ్డు మీద కాంక్రీటు లారీ పోయింది.
తట్ట అదిరింది.
"చూడు మామా, పిండి వణికింది" అన్నా.
తలెత్తి నన్ను చూసినాడు,
పాత బాకీ ఎవరిదో గుర్తు రానట్టు.

"ఈ మాట యాడో విన్నా" అన్నాడు.
"ఎవరిదిరా ఇది?"