ఎచె బెర్రి

మార్కాపురం, కంభం రోడ్డు, మీసేవ.
ఫ్యాను తిరిగినప్పుడల్లా పలకల దుమ్ము
కీబోర్డు మీద సన్నగా రాలుద్ది.
అక్షరాలన్నీ అరిగినయ్.
ఇంటూ గుర్తున్న మీట ఒక్కటే కొత్తగా ఉంది,
దాన్నెవరూ నొక్కరు.

బొంతా శౌరయ్య వచ్చాడు, మూడోసారి.
రేషన్ కార్డులో శౌరి, ఆధార్‌లో సవరయ్య.
జ్ఞానస్నానం చీటీలో ఎవరో పాత ఫాదరు
ఇంటూతో మొదలుపెట్టి ఏదో గీకి ఉన్నాడు.
"ఇంటూ అంటే బళ్ళో తప్పు గదయ్యా.
నా పేరే తప్పుతో మొదలైందా?"

ఇంటి పథకం అర్జీ. పేర్లు కలవక తిప్పి కొట్టారు.
వేలిముద్ర వేద్దామంటే మిషను పట్టదు,
ముప్పై ఏళ్ళు గనిలో పలకరాయి పొరలు చీల్చిన వేలు,
గీతల్ని రాయి తినేసింది.

అప్పుడే వీసా కాగితాలు జెరాక్సుకు తెచ్చింది
కాన్వెంటు ఆసుపత్రి సిస్టర్ ఇత్సియార్.
మన తెలుగే మాట్లాడుద్ది, ళ దగ్గర కాలు జారుద్ది.
వంగి చూసి "హవియేర్!" అంది,
ఉమ్మబోయే ముందు గొంతు సవరించినట్టు.
"స్పెయిన్‌లో వీధికి ఇద్దరు పిల్లోళ్ళకు ఇదే పేరు.
అసలు మాట మాత్రం స్పానిష్ కాదు, మా కొండలది, మా అమ్మది.
ఎచె బెర్రి."

"బర్రా?" అన్నాడు శౌరయ్య. "నాకుండేది రెండు మేకలే తల్లీ."
క్యూ అంతా నవ్వింది.

"ఎచె, ఇల్లు. బెర్రి, కొత్త.
ఎప్పుడో ఎవరో కొత్తిల్లు కట్టారు. అది కోటయింది, ఊరయింది,
ఊరి పేరు ఒక పునీతుడికి అంటుకుంది,
ఆయన ఓడెక్కాడు..."
మిగతాది చెప్పక్కర్లేదు.
ఉప్పుగాలికి, నోళ్ళకి అరిగి అరిగి
జేవియర్, సవేరి, సవరి, శౌరి.
బళ్ళో పంతులు "శౌరంటే కృష్ణుడేరా" అన్నాడంట,
ఈయన దానికీ "సరే సార్" అన్నాడంట.

ఇప్పుడు నవ్వలేదు శౌరయ్య.
వానొస్తే రేకు కింద ఏడు గిన్నెలు పెట్టే మనిషి.
"అయితే పొద్దుగూకి మా అమ్మ కేకేసిందంతా
కొత్తిల్లా, ఇంటికి రారా, అనా?"

అర్జీలో పేరు అని ఒక గడి,
కోరునది అని ఒక గడి.
రెంటిలోనూ ఒకే మాట.
ఏ గడిలో ఏ స్పెల్లింగు కొట్టాలో నాకు తెలియలా.
ఇంతలో సర్వర్ పోయింది.

బల్ల మీది దుమ్ములో ఆయన వేలితో ఇంటూ గీశాడు.
పై సగం తుడిచాడు.
మిగిలింది ఒక కప్పు.

వెనకాయన తొందరపడి దాని మీద
కులం సర్టిఫికెట్ పెట్టాడు.