పదకొండో గుంట

జోడుగుళ్ళపాలెం దాటాక, రోడ్డుకి కింద,
సంద్రం కొరికి వదిలేసిన ఎర్రరాళ్ల మీద
పద్నాలుగు గుంటలు తొలిచాం మేము.
టేపు నేను పట్టాను,
మిషను బోయి సిమ్మన్న పట్టాడు.
ఒక్కోటి జానెడు వెడల్పు, మూరెడు లోతు.
వాటిల్లో స్టీలు స్తంభాలు దిగాలి,
స్తంభాలకి రైలింగు,
రైలింగుకి మోచేతులానించి
జనం సూర్యోదయాన్ని ఫోటో తీసుకోవాలి.

బిల్లు ఆగింది.
కాంట్రాక్టరు ఫోను ఎత్తడం ఆగింది.
గుంటలు మాత్రం ఆగలేదు.
ఆ సంగతి నాకు రెండేళ్లకి తెలిసింది.

ఇప్పుడు షిప్‌యార్డు గేటు దగ్గర రాత్రి కాపలా నాది.
అమావాస్య మర్నాడు డ్యూటీ దిగి
నిద్ర రాక, బస్సెక్కి, ఊరికే ఇటొచ్చాను.
నీరు బాగా వెనక్కి పోయుంది.
లెక్క మరిచిపోలేదు, పైనుంచి ఒక్కోటీ చూసుకుంటూ దిగాను.
ఎండి ఉప్పు పేరుకున్నవి,
సీసా మూతలతో నిండినవి,
ఒకదాంట్లో ఎవరో గుచ్చిన అగరొత్తి పుల్ల.
పదకొండో దాని మీద నా నీడ పడగానే
నీళ్లలో ఏదో చటుక్కున తప్పుకుంది.

నా చిటికెన వేలంత చేప.
రాయి రంగే దాని రంగు.
డ్రిల్లు జారి లోపల ఒక గాడి పడింది,
ఆ రోజు సిమ్మన్నని నానా మాటలూ అన్నాను,
ఆ గాడే ఇప్పుడు దాని పడక.
అంచు చుట్టూ తెల్లటి పొక్కులు, ఒక్కోదానికీ ఒక నోరు.
అడుగున ఆకుపచ్చ పువ్వు.
గడ్డిపరకతో తాకితే పిడికిలి బిగించింది,
పువ్వు కాదన్నమాట.
ఒక గుల్ల నడిచింది, నత్తకి రాని వేగంతో:
లోపల అద్దెకున్నది పీత.

(కంచరపాలెంలో మెట్ల కింద గది నాది.
తలుపు తీస్తే గ్యాసు బండ, మూస్తే మంచం.)

ఎదురుగా అంత సముద్రం ఉంది.
హార్బరులోకి వంతు కోసం నిలబడ్డ ఓడలున్నాయి,
రాత్రి దీపాలు ఇంకా ఆర్పుకోలేదు.
ఈ చేపకి వాటితో పని లేదు.
ఎండ ముదిరేలోపు ఒక్క అల,
వానొస్తే ఉప్పు విరిగిపోనంత లోతు,
అంతవరకే దాని బేరం.

ఆల్చిప్పలు కొట్టే నూకరత్నం ఇనప పుల్లతో వచ్చింది.
"ఏటి బాబూ, అలా వొంగి సూత్తన్నావు?
ఏటైనా పడిపోనాదా?"
గుంట చూపించాను.
"ఇదా! పైదాన్లో ఏటీ బతకదు, ఎండకి ఉడికిపోతాది.
కిందదాన్లో ఏటీ నిలవదు, అల ఊడ్సేత్తాది.
ఇదొక్కటే లోతు కుదిరినాది."
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించింది.
"ఇంకా ఉప్పెక్కలేదు. మరో గంట ఓపిక పడతాది."

ఎవరు తొలిచారో ఆమె అడగలేదు.
అడుగుతుందేమోనని నేను నిలబడ్డాను.
అడిగితే ఏం చెప్పను?
ఆ ఒక్కటే తప్పు పోయింది.
నాలుగంగుళాలు లోతెక్కువైతే
ఇంజనీరు రాకముందే కంకరేసి పూడ్చమన్నాను.
సిమ్మన్న టీకి వెళ్లి మరిచిపోయాడు.

మళ్లీ టెండరు పిలుస్తున్నారట.
స్తంభాలొస్తాయి, సిమెంటొస్తుంది.
పిలిస్తే నేనూ వెళ్తాను,
కాపలా కంటే రోజుకి రెండొందలు ఎక్కువ.
టేపు మళ్లీ నా చేతికే ఇస్తే
గీత ఒక్క అడుగు పక్కకి జరపడానికి
ఎంత సుద్ద కావాలి?
రైలింగు అక్కడ కాస్త వంకర పోతే
ఫోటోలో ఎవరికి కనిపిస్తుంది?

నూకరత్నం రాళ్ల మీదుగా అవతలికి వెళ్లిపోయింది.
ఇనుము రాతిని కొడుతున్న చప్పుడు,
ఆగి, మళ్లీ.
పోటు తిరిగింది.
మొదటి అల పన్నెండో గుంట దాకా వచ్చి
వెనక్కి పోయింది.
రెండోదీ అంతే.
పైన రోడ్డు మీద నా బస్సు హారన్ కొట్టింది.
చేప గాడిలోంచి కదల్లేదు.
నేనూ కదల్లేదు.