ఏరు పట్టిన జల్లెడ

వరద తీసిన మూడోనాడు
చంద్రగిరిలో నా టైలరు కొట్టు షట్టరు
సగమే లేచింది.
అడ్డంగా గులకరాళ్లు.

పార తీసుకోని మొగిలమ్మ వచ్చింది,
ముప్పయ్యేళ్లు స్వర్ణముఖి ఇసక జల్లించిన మనిషి.
లోపలికి అడుగైనా పెట్టకుండా అనింది:
"ఉండు సామీ, ఏదీ ఎత్తద్దు. ముందు చూడు.
ఏరు నీ కొట్లో జల్లెడ పట్టిపొయ్యింది."

వాకిట్లో రాళ్లు, ఒకదాని వీపు మీద ఒకటి,
అన్నీ లోపలి దిక్కుకే ఒరిగి.
కుట్టుమిషను కాళ్ల దగ్గర బరకిసక.
వెనక మూలకి పొయ్యేకొద్దీ సన్నిసక,
దాని మీద నల్లటి చార ఒకటి
నా సుద్దముక్కతో గీసినంత తిన్నగా.
"నల్లిసక. చూసేకి నలుసే,
తూకానికి కాదు."

నా సామానూ అట్లే.
ఇస్త్రీపెట్టె అంగుళం కదల్లేదు.
కత్తెర రెండడుగులు పోయి ఆగింది.
హుక్కులు, టిచ్ బటన్లు పెరటి గడప కింద పాయకట్టాయి.
అంగీ గుండీలు వెనకింటోళ్ల వసారాలో.
దారపు రీళ్లా?
ఈపాటికి తొండవాడ దాటుంటాయి.

ఏటిని తిట్టబోయాను.
మొగిలమ్మ పారతో ఒక పొర కోసి చూపించింది.
"ఈడ పరిగెత్తింది. ఈడ నడిచింది.
ఈడ కాళ్లు చాపింది.
మొయ్యగలిగినంత మోసి, చాతగాని చోట దించేసింది.
తట్ట ఎత్తినోళ్లకి తెలీదా సామీ అది?"

కాకిబంగారం రేకులు మాత్రం
వెడల్పే గాని బరువు లేనివి,
తేలుకుంటా పోయి
పెళ్లివారి జాకెట్టు గుడ్డకి అంటుకున్నాయి,
ఎవరూ కుట్టమనని చమ్కీలు.

రాళ్లు గంటలో బయటికి.
ఇసక గోతాలకెత్తి కూలిలో కలుపుకుంది,
"ఏరు కడిగిన ఇసక, ఊరికే పోనిస్తానా?"
ఇంక మిగిలింది బురద.
బిందెలో పట్టిన నీళ్లు
నాలుగు దినాలైనా తేటపళ్లేదు.
గోడ మీద ఆరింది మాత్రం
గోకితే గోరు అరిగింది.

"తేలికదే సామీ, అన్నిటికన్నా తేలిక.
ఒకసారి కూర్చుందా,
దాన్ని లేపేకి ఇసకని లేపిన నీళ్లు చాలవు."

ఎండబెట్టుకున్న కొలతల పుస్తకంలో
ఇప్పటికీ ఉంది ఆ మట్టి.
ఎవరిదో నడుము ముప్పై రెండు.
మూడు మీద ఎర్రటి మరక.
తడివేలితో రుద్ది చూశాను.
అంకె పోయింది.