మూత మీద చెయ్యి

సాలూరు దాటి కొండెక్కితే సుంకి.
చెక్‌పోస్టుకి ఇవతల, చోడంబలి కుండల పక్కన
నా రేకుల షెడ్డు.
ఘాటీ ఎక్కి ఆవిరి కక్కే లారీలకి
ఇరవయ్యేళ్ళుగా రేడియేటర్లు అతుకుతున్నాను.
నాకు నాలుగు భాషల్లో తిట్లు వచ్చు,
కారే నీళ్ళది మాత్రం ఒకటే భాష.

ఆ ఎర్ర బండి మొన్న ఆశ్వయుజంలో వచ్చింది.
రెండే సీట్లు. మేక నిలబడినంత ఎత్తు.
ఇంజిను వెనకాల, రేడియేటరు ముందర,
మధ్యన బండి కడుపు కిందుగా
మనిషి పొడవు గొట్టాలు.
జయపురం పళ్ళ డాక్టరు సుబుద్ధి గారిది.
"ముప్పయ్యేళ్ళ బండి, ఒక్కసారీ మరగలేదు" అన్నాడు
కొడుకు మార్కులు చెప్పినట్టు.
నా భయమూ అదే.
ఎన్నడూ మరగని బండికి
ఎవరూ ఎన్నడూ గొట్టం మార్చి ఉండరు.

నొక్కి చూశాను.
మధ్యలో కట్టెలా గట్టి,
క్లిప్పు దగ్గర నానిన అప్పడం.
నీళ్ళ డబ్బా ఒకప్పుడు తెల్లనట,
ఇప్పుడు చుట్ట తాగేవాడి పన్ను రంగు.
ఆ రంగు డాక్టరుకి నేను చెప్పక్కర్లేదు.
మూల మీద వెంట్రుకంత గీటు, చుట్టూ ఉప్పు చార:
ఎప్పుడో ఒక చుక్క బయటికొచ్చి
ఎవరూ చూడక ఆరిపోయింది.
పంపు విప్పితే ప్లాస్టిక్ రెక్కలు,
ఆరింట్లో రెండు లేవు.
ఆ రెండూ ఎక్కడున్నాయో
రేడియేటరు సందులకి తెలుసు.
పైగా ఎవరో పుణ్యాత్ముడు
పచ్చ కూలెంటులో ఎర్రది కలిపాడు.
అడుగున గోంగూర ముద్ద.

"మీటరు ముల్లు మధ్యలోనే ఉంటుందే?"
ఉంటుంది డాక్టరు గారూ.
సెన్సారు నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది.
నీళ్ళన్నీ పోయాక
గాలిలో చల్లగా కూర్చుని
అంతా బాగుందంటుంది.

నాలుగు రోజులు పట్టింది.
గొట్టాలు విశాఖ నుంచి బస్సు టాపు మీద,
ఇత్తడి రెక్కలు సాలూరు లేతు మీద.
బోరు నీళ్ళు పొయ్యనివ్వలేదు,
ఇక్కడి నీళ్ళలో సగం కొండే.
బ్యాటరీ నీళ్ళ క్యాన్లు తెప్పించాను.
ముక్కు పైకుండేలా బండిని వాలులో నిలిపి
గాలి స్క్రూ వదులు చేస్తే
బుడగ... ఆగి, ఇంకో బుడగ.
మా కుర్రాడు బుద్రా తన పరజా మాటలో లెక్కపెట్టాడు,
పదకొండు దాకా విన్నాను,
ఆ తర్వాత ధార.

బిల్లు చూసి ఆయన మొహం ముడుచుకున్నాడు.
"చెడిపోని బండికి ఇంతా?"
మీ దగ్గరా అంతే కదా బాబూ,
పీకితే ఇస్తారు,
తోముకోమని చెప్పినందుకు ఎవరిస్తారు?
నవ్వాడు. నవ్వి కూడా
రెండొందలు కోసుకునే ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న ఘాటీ దిగాడు, సాయంత్రం ఎక్కాడు.
పై మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను.
తెల్లగా ఏదో లేచింది. గుండె జల్లుమంది.
మబ్బు.
బండి మటుకు హారనైనా కొట్టకుండా పోయింది.
మళ్ళీ రాలేదు, ఇప్పటిదాకా.
గోడ మీద సుద్దతో రాసి ఉంచాను:
ఎర్ర బండి, రెండేళ్ళు, ఆశ్వయుజం.

మా గున్నయ్య మేస్త్రికి
మోచేతి నుంచి మణికట్టు దాకా
కొత్త రేకులా మెరిసే మచ్చ ఉండేది.
ఎవరో తొందరపెడితే వేడి మీద మూత తిప్పాడట.
"సల్లారీదాకా బీడీ కాల్సుకోరా.
అదయిపోతే ఇంకోటి.
బండెక్కడికీ పోదు, సెయ్యి పోద్ది."
నేను బీడీ ముట్టను.
రెండు చిప్పల అంబలి, అదీ నా కొలత.

ఇవాళ బాక్సైటు లారీ ఒకటి
మరిగి, ఈలేస్తూ వచ్చి ఆగింది.
డ్రైవరు దిగకముందే అరుస్తున్నాడు.
బుద్రా గుడ్డ చుట్టుకుని
మూత మీద చెయ్యేశాడు.

ఒరే,
అంబలి తాగావా?