పరదాకి చెవులు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
గౌరునాయుడి మిషను ఆగదు.
మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క.
"కిటికీ ఎంతమ్మా?" అన్నాడు తలెత్తకుండానే.
ఆరడుగుల వెడల్పు, అన్నాను.
"అయితే గుడ్డ పన్నెండడుగులు.
కిటికీకి కిటికీయంత గుడ్డే కుడితే
పరదా అవదమ్మా, దుప్పటి ఆరేసినట్టుంటాది."

రెండింతలు ఉండాలిట.
సగం కప్పడానికి, సగం మడతల్లో దాక్కోడానికి.
జీతంలో అలాంటి సగం
నాకే నెలా మిగల్లేదు.

మేకుకి వేలాడే నమూనాలు ఒక్కోటీ దించాడు.
ఇది గొట్టం కుట్టు, కడ్డీ దూర్చడమే,
వేసింది వేసినట్టుంటాది, దేవుడి గదికి బాగుంటాది.
ఇది పెన్సిల్ మడత, వెనక నాడా లాగితే
సన్నసన్నగా ముడుచుకుంటాది.
ఇది మూడేసి మడతల గిల్లుడు, అంటూ
మూడు వేళ్ళతో పట్టి సూది దించాడు.
పెళ్ళికి వెళ్తూ మా అమ్మ
ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని
నోటితో తిట్టలేక కళ్ళతో కసరడం గుర్తొచ్చి
ఇదే తీసుకుందామనిపించింది.
కుట్టుకూలి విన్నాక
అనిపించడం మానేసింది.

"ఇప్పుడందరూ ఐలెట్లే అడుగుతన్నారు" అని
స్టీలు రింగుల పరదాని కడ్డీ మీద
ఒక్క లాగు లాగాడు.
జర్రుమంది.

ఆ చప్పుడు నాకు తెలుసు.
పెద్దాసుపత్రిలో రాత్రి రెండున్నరకి
మూడో మంచం చుట్టూ ఆకుపచ్చ తెర
నేనే లాగుతాను.
పక్క మంచాల వాళ్ళు నిద్ర నటిస్తారు.
ఆయా రాజులమ్మ వచ్చి
కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి
గుడ్డపీలిక కడుతుంది.
పదకొండేళ్ళలో ఎన్నిసార్లు లాగానో
రిజిస్టరుకి తెలుసు. నేను లెక్కపెట్టలేదు.

రింగులొద్దు, అన్నాను.
గౌరునాయుడు గెలిచినట్టు నవ్వాడు.
"నానూ అదే సెప్దారనుకున్నాను.
మీది జాలారిపేట పక్కనంటన్నారు, ఉప్పుగాలి.
ఆర్నెల్లకి తుప్పు, గుడ్డనిండా మరకలు."
అవును, తుప్పే, అన్నాను.

గుడ్డ దగ్గర ఇంకో గంట.
ముఖమల్ తాకి చెయ్యి మురిసింది గానీ
వానాకాలం అది తడిసిన కుక్కపిల్ల వాసనేస్తుంది.
లినెన్ నలిగిన మొహంతోనే పుడుతుంది,
డ్యూటీ దిగిన నాలాగ.
జాలీ గుడ్డలోంచి సముద్రం కనిపిస్తుందన్నాడు.
సముద్రం పోతే పోయింది నాయుడూ,
పొద్దున్న తొమ్మిదింటికి
నాకు అర్ధరాత్రి కావాలి.
సముద్రం రంగేనని ఆకుపచ్చ తాను విప్పబోతే
చెయ్యి అడ్డం పెట్టాను.

చివరికి ఇటుకరంగు మందపాటి నూలు,
వెనక నల్ల లైనింగు,
పైన గుడ్డతోనే కుట్టిన చెవులు పదహారు.
"సప్పుడు సెయ్యవు" అన్నాడు
అడగని ప్రశ్నకి జవాబులా.
"గోడలకి సెవులుంటాయంటారు గానీ
పరదాకి కుట్టించుకునేవోళ్ళే తగ్గిపోయారమ్మా."

బుధవారం వేలాడదీశాను.
గురువారం డ్యూటీ దిగొచ్చి
రెండు రెక్కలూ లాగాను.
ఏమీ అనలేదు.
జనరల్ పెట్టెలో జనంలా చెవులన్నీ
ఒకదాన్నొకటి తోసుకుంటూ జరిగి నిలబడ్డాయి.
కింద వీధిలో సందువాలు, కోనాలంటూ
చేపల గంప వెళ్తోంది.

నడిమధ్య మాత్రం వేలెడు సందు.
గౌరునాయుడు గుడ్డ మిగుల్చుకున్నాడో
నేనే కొలత తప్పు చెప్పానో.
ఎండ సరిగ్గా దిండు మీద.
జడ క్లిప్పు తీసి
రెండంచులూ కలిపి పెట్టాను.

మూడింటికి లేచేసరికి
క్లిప్పు నేలమీదుంది.
ఎప్పుడు పడిందో,
నాకు వినపడలేదు.