ఎడమకు నడిచే బొమ్మ

హవల్లీల, మెట్ల కింది దుకాణంల
పదకొండేండ్ల సంది స్క్రూలు విప్పుతున్న.
ఎవ్వడు విప్పొద్దని కంపెనీవోడు పెట్టిన
మూడు రెక్కల తలలన్ని
నా డబ్బాల జొన్నగింజల లెక్క పడి ఉంటయి.

ఎక్కువ వచ్చేది ఒక్కటే రోగం.
ఎవ్వరు ముట్టకున్నా
తెర మీది బొమ్మ ఎడమకు నడుస్తది.
గోడ తగిలినా నడుస్తనే ఉంటది.
పుల్ల కింద నల్లపూత అరిగిపోయి
లేని బొటనవేలును ఉన్నదనుకుంటది.
రెండు దినార్లు. ఇరవై నిమిషాలు.

తర్వాత ఎండ.
ఆగస్టుల కారుల మరిచిపోతే
బ్యాటరీ పూరీ లెక్క పొంగుతది.
దుమ్ముగాలి లేచిన తెల్లారి
పంకా గొంతుల ఇసుక కూసోని దగ్గుతది.

కొత్తది వస్తున్నదని ఇప్పుడు గల్లీ అంత అదే ముచ్చట.
నాయిఫ్ కౌంటరు మీద మోచేతులు ఆనిచ్చి
తెర ఇంత ఉండాలె అని చేతులు చాపుతడు.
నైట్ డ్యూటీకి పోయే నర్సు రోవెనా
బస్సుల నిలవడి ఒక్క చేత్తోని పట్టేంత ఉండాలంటది.
ఇద్దరిది నిజమే.
ఇద్దరిని ఒక్క ప్లాస్టిక్ల ఎట్ల పోస్తరో ఏమో.

నన్ను ఎవ్వరు అడుగలె. అడిగితే చెప్దును:
బ్యాటరీకి జిగురు పెట్టకుండ్రి.
అరిగేది ఎట్లన్న అరుగుతది, మార్చుకోనియ్యుండ్రి.
పరీక్ష మీ చల్లటి గదులల్ల కాదు,
ఈ రోడ్డు మీద, జూలైల, రెండు గొట్టంగ పెట్టుండ్రి.

ఇంతే అనుకున్న, పోయిన శుక్రవారం దాక.

నమాజు విడిచినంక దీవెనమ్మ వచ్చింది.
రాజోలు దిక్కు ఊరట. సాల్వాల ఒక ఇంట్ల పని.
మిషన్ను టిఫిన్ గుడ్డల చుట్టి తెచ్చింది.
"బాబుకి కొత్తది కొంటారంటండి.
దీన్ని ఎవరికో అమ్మేస్తారంటండి.
లోపల నాదొకటుందండి."

వెలిగిచ్చి చూసిన.
మొదటి బొమ్మ పిల్లగానిది, పులి ముఖం.
పక్కన కోడిపెట్ట.
దాని కింద ఇంగ్లీషుల ఒక అక్షరం తప్పువోయిన దీవెన.
నాలుగువందల పన్నెండు గంటలు.

తెరిస్తే ఒక లంక.
కాలువ తవ్వింది. దాని మీద చెక్క వంతెన.
రేవుకు ఏడు మెట్లు.
బంతిపూలు ఎర్రయి ఒక సాలు, పచ్చయి ఒక సాలు,
మూడో సాలు సగంల ఆగింది.
ఇల్లు ఒక్కటే అర్ర.
మంచం, దీపం, గోడకు గడియారం.
పని చెప్పే గంట లేదు.

"పిల్లోడు పడుకున్నాక
టీవీ దగ్గర్నుంచి పీకి దుప్పట్లో పెట్టుకునేదాన్నండి.
టీవీకి ఉంటే వాళ్లదండి.
చేతిలోకొస్తే నాదండి."

నాకు నవ్వొచ్చింది. సగంలనే ఆగింది.
గోడకు, అరచేతికి రెండిటికి పనికొచ్చే మిషన్ అని
డబ్బాల మీద ఎంతమంది ఎన్ని తీర్ల రాసిండ్రో,
ఇంత సాఫుగ ఎవ్వరు చెప్పలె.

"కొత్తదాంట్లోకి ఇల్లు వస్తుందాండీ?"

రావచ్చు, అన్న.
ఇంటోళ్లు ఒప్పుకోవాలె అనేది
నాలిక మీదికి వచ్చి కూసున్నది.
జిగురు పెట్టింది నేను ఇప్పుతా.
తాళం పెట్టిన ఇల్లు మోసుడు నాకు రాదు.

బొమ్మ ఎడమకు, కాలువ దిక్కు నడుస్తున్నది.
బాగు చేస్తనంటే వద్దన్నది.
"ఉండనివ్వండి. నేను లేనప్పుడు
అదే ఓ చుట్టు తిరిగొస్తుంది."
గుడ్డల చుట్టుకోని, బస్సుకు చిల్లర లెక్కవెట్టుకుంట పోయింది.

అప్పటి సంది పాతది ఏది వచ్చినా
రోగం అడిగేకంటె ముందు
రెండో బొమ్మ చూస్తున్న.
పిల్లులు వచ్చినయి, ఒక రాకెట్ వచ్చింది.
కోడిపెట్ట రాలె.

నిన్న నాయిఫ్ మళ్ల వచ్చిండు.
నువ్వు చెప్పు ఉస్తాద్, కొత్తది ఎట్లుండాలె?
స్క్రూ పళ్ల నడుమ పెట్టుకోని ఆలోచించిన.
కొన్నోని పేరు పక్కన ఇంకొక పేరు ఉంటది గద,
ముందుగాల దాన్ని అడగాలె, అన్న.
వానికి సమజ్ కాలె.
మెమరీ ఎక్కువ కావాలన్నట్టేనా, అన్నడు.

ఆఁ, అట్లనే అనుకో.